ఉర్ఫ్ తడిగోనె

మనిషికి పేరు కన్నవాళ్లు పెడతారు. ఉర్ఫ్ అనే మారుపేరు మాత్రం ఊరు పెడుతుంది. పేరుకు తొట్టెల పండుగ కావాలి, పురోహితుడు కావాలి, నలుగురికి భోజనాలు కావాలి. ఉర్ఫ్‌కు మనం చేసిన పని ఒక్కటి చాలు.

తాండూరు గంజ్‌లో కందుల, జొన్నల వ్యాపారి సోమేశ్వర్‌కు ఈ సత్యం 1957లో, బజారు కమిటీ ఎన్నికల అభ్యర్థుల జాబితా గోడకెక్కిన నాడు బోధపడింది. అధ్యక్షుడు కావాలని ఆయన ఆరునెలలుగా ఖద్దరు కడుతున్నాడు, కనబడ్డవాడికల్లా దండం పెడుతున్నాడు. తీరా చూస్తే జాబితాలో ఇలా ఉంది: “సోమేశ్వర్ ఉర్ఫ్ తడిగోనె సోమన్న.”

ఈ బిరుదు ఇచ్చిన మహానుభావుడు బషీరాబాద్ గొర్రెల కాపరి బీరన్న. ఎనిమిదేళ్ల కిందట సోమేశ్వర్ దగ్గర ఒక బస్తా జొన్నలు కొన్నాడు. బండి ఊరు చేరేలోగా ఎండకు గోనె ఆరింది. ఇంట్లో తూస్తే రెండు సేర్లు తగ్గింది. మర్నాడు తిరిగొచ్చిన బీరన్న తగాదా పెట్టుకోలేదు. “సేటు గోనెకు మస్తు దూపైనట్టుంది, నీళ్లు బాగ తాగింది” అని మాత్రం నలుగురిలో అన్నాడు. సాయంత్రానికల్లా ఊరు నామకరణం చేసేసింది.

సోమేశ్వర్ కమిటీ గుమాస్తా మహేందర్ దగ్గరికి పరుగెత్తాడు.

“జర గా తోక కోసెయ్ మహేందర్.”

“ఎట్ల కోస్త సేట్? ఉర్ఫ్ అంటే ఏమనుకున్నరు? అరబ్బీల నుంచి వచ్చిన మాట. నలుగురెరిగింది అని అర్థం. నలుగురెరిగినదాన్ని నేనొక్కన్ని కొట్టేస్తే చెల్లుతదా? ఊరు మర్చిపోయిందని పంచనామా రాపిచ్చుకొని రాండ్రి, అప్పుడే కొట్టేస్త.”

“ఇంకో తొవ్వ లేదా?”

“జాబితల సోమేశ్వర్లు ఇంకిద్దరున్నరు. ఉర్ఫ్ తీస్తె మీ ఓట్లు వాళ్లకు పోతయి. సోంచాయించుకోండ్రి.”

ఇంటికొచ్చి గోడు వెళ్లబోసుకుంటే భార్య సత్యమ్మ తాపీగా, “గోనెలు తడుపుడు బంద్ చేస్తె అయిపాయె గద” అంది. సోమేశ్వర్ ఆమెను జాలిగా చూశాడు. ఆడవాళ్లకు రాజకీయం తెలియదు, వ్యాపారం అసలే తెలియదు. పేరును చంపలేనప్పుడు దాని పుట్టుకనైనా మార్చాలి.

వారం తిరిగేసరికి వెయ్యి కరపత్రాలు అచ్చయ్యాయి. ఎనిమిదేళ్ల కిందట బషీరాబాద్‌లో గుడిసెలు అంటుకుంటే సోమేశ్వర్ తడిగోనె కప్పుకొని మంటల్లోకి దూకాడనీ, పసిపిల్లలను, మేకపిల్లలను బయటికి తెచ్చాడనీ, ప్రజలే కృతజ్ఞతతో ఆ పేరు పెట్టారనీ వాటిలో ఉంది. రాస్తూ రాస్తూ ఆయనకే కళ్లు చెమర్చాయి. మూడో సభకల్లా చేతిమీది కాలిన మచ్చ కూడా చూపించసాగాడు. అది పుట్టుమచ్చ.

ఆ సభలోనే బీరన్న లేచాడు. “మా ఊర్లె గుడిసెలెప్పుడు కాలినయ్ సేటు?”

“అప్పుడు నువ్వు గొర్లు తోలుకొని పోయినవ్ బీరన్న.”

“గట్లనా. మంచి పని చేసినవ్” అని కూర్చున్నాడు.

ఓట్లకు ముందురోజు వికారాబాద్ నుంచి ఎన్నికల అధికారి వచ్చాడు. ఆయన చూస్తుండగానే, పట్టపగలు, ఎవరి బీడీ నిప్పో గడ్డిబండికి అంటుకుంది. పక్కనే రైతుల కందుల కుప్పలు. బావి చూస్తే అల్లంత దూరం. అయినా జనం కంగారుపడలేదు. కరపత్రం చదివినవాళ్లు కదా. కొందరు బిందెలు పట్టుకొని బావికి పోతే, మిగతావాళ్లంతా సోమేశ్వర్ గోదాం ముందు నిలబడ్డారు.

“సేటు, గోనెలియ్యి. తడుపుకుంటం.”

సోమేశ్వర్ గోదాం తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. “తాళంచెయ్యి ఇంట్ల మర్చిన.”

“మొలతాడుకు ఏలాడుతున్నది సూడు” అన్నాడు బీరన్న.

అధికారి ముందుకొచ్చాడు. “మీ సాహసం గురించి చదివాను. ఆలస్యం చేయకండి.”

ఇక తాళం తీయక తప్పలేదు. బీరన్న మొదటి బస్తా మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగాడు.

“బాయికాడి నుంచి మనోళ్లను పిలువుండ్రి. నీళ్లక్కర్లే. సేటు పొద్దుగాల్లనే తడిపి పెట్టిండు.”

మర్నాటి తూకానికి సిద్ధంగా ఉన్న నలభై బస్తాల కింద నేల మడుగు కట్టి ఉంది. జనం వాటిని దొర్లించుకుపోయి గడ్డి మీద పడేశారు. నిప్పు చుయ్యిమని ఆరింది. రైతుల గింజ ఒక్కటీ కాలలేదు. కరపత్రం నిజమైపోయింది, ఎనిమిదేళ్లనాటి బీరన్న మాటతో సహా.

అధికారి అక్కడికక్కడే తడి బస్తాల మోసం మీద పంచనామాకు ఆజ్ఞాపించాడు. మహేందర్ రాశాడు, బీరన్న సాక్షిగా వేలిముద్ర వేశాడు. సోమేశ్వర్ కాగితం అందుకొని మొదటి పంక్తి చదివాడు: “తడిగోనె సోమన్న ఉర్ఫ్ సోమేశ్వర్.”

“ఇది తిరగేసి రాసినవ్ గద మహేందర్.”

“ఆఫీసర్ సాబ్ అసలు పేరేందని అడిగిండు. గంజ్ అంతా గదే చెప్పింది. సోమేశ్వర్ అని చెప్పింది మీరొక్కరే సేట్, అందుకే ఎనకకు పెట్టిన” అంటూ మహేందర్ కలం అందించాడు. “సంతకం పెట్టుండ్రి. ఏ పేరుతోని పెట్టినా చెల్లుతది.”