పచ్చకళ్ల మనిషి, తెల్లకళ్ల ఫొటో

మనిషి ఆరోగ్యం ఒంట్లో ఉండదని, ఫొటోలోని రంగుల్లో ఉంటుందని మా ఆసుపత్రి యాజమాన్యం తేల్చి చెప్పి ఏడు నెలలైంది. అంతకు ముందు డాక్టర్లు రోగుల్ని కళ్లారా చూస్తూ కాలం వృథా చేసేవారు. ఇప్పుడు ముందుగా యాప్‌లో ముఖం ఫొటో పంపాలి. దాన్ని రంగుల పరిశీలనాధికారి (ఈ ఉద్యోగానికి వైద్యం రానవసరం లేదు, వస్తే అనర్హత) చూసి, జబ్బు ఉందంటేనే డాక్టరు గది తలుపు తెరుచుకుంటుంది.

మా బావకు నాలుగు రోజులుగా తిండి సయించడం లేదు. కళ్లు పచ్చబడ్డాయి. అక్క ట్యూబ్‌లైటు కింద నిలబెట్టి, ఫోన్‌తో ఫొటో తీసి పంపింది. రంగు చాలలేదని తిరిగొచ్చింది. నిబంధన పద్నాలుగు ప్రకారం రంగు నలభై పాళ్లకు తగ్గకూడదు, అరవైకి మించకూడదు. (మించితే రోగి అతి చేస్తున్నట్టు లెక్క.)

బావని వీధి చివరి ఫొటో స్టూడియోకి తీసుకెళ్లాను. అక్కడి ఆయన పాతికేళ్లుగా ఈ వీధి ముఖాలన్నిటినీ దిద్దుతున్నవాడు. ఫొటో తీసి, కంప్యూటర్‌లో శాచురేషన్ అనే స్లైడర్ పట్టుకుని కుడివైపుకు జరిపాడు. దానికి తన పర భేదం లేదు, అన్ని రంగుల్నీ ఒక్కలాగే పెంచేస్తుంది. పెదాలు ఎర్రబడ్డాయి, చొక్కా నీలం కళ్లలో గుచ్చుకుంది, బావ కళ్లు నిమ్మపండ్లలా మెరిశాయి. చూసి నాకు భయం వేసింది. యాప్‌కు వేయలేదు. రంగు మితిమీరినది, రోగి సంయమనం పాటించవలెను అని తిప్పికొట్టింది.

అప్పుడాయన వైబ్రెన్స్ అనే రెండో స్లైడర్ చూపించాడు. అది మర్యాద తెలిసినదట. వెలవెలబోయిన రంగుల్నే లేపుతుంది, ముఖం జోలికి పెద్దగా పోదు. నిజంగానే వెనకాల గోడ కళకళలాడింది, బావ మాత్రం వాడిపోయినట్టే ఉన్నాడు. గోడ ఆరోగ్యం సంతృప్తికరంగా ఉందనీ, ముందున్న వ్యక్తి అడ్డు తొలగవలెననీ అధికారి జవాబు రాశారు. ఈలోగా బావ స్టూలు మీద కూర్చోలేక గోడకు చేరగిలబడ్డాడు.

మూడోసారి స్టూడియో ఆయన ఒక్కో రంగునూ విడివిడిగా పట్టుకున్నాడు. ఎరుపు కొంచెం, నీలం కొంచెం పెంచాడు. పసుపు దగ్గరికి రాగానే ఆయన చెయ్యి దానంతటదే ఎడమవైపుకు పోయింది. పళ్లూ కళ్లూ తెల్లగా రావాలని ఎవరి ఫొటోకైనా ఆయన చేసే ఆఖరి మర్యాద అది, అడగనక్కర్లేదు. మొత్తం రంగు యాభై రెండుకు వచ్చింది. నేను అంకె చూశానే గాని కళ్లు చూడలేదు. పంపేశాను. నిమిషంలో ఫొటోకు ఆమోదం వచ్చింది, రేపు పొద్దున కౌంటర్‌కు రమ్మన్నారు.

కౌంటర్‌లో గుమాస్తా ఆవిడ మా ఫొటోనీ, అధికారి నివేదికనీ బయటికి తీసింది. కళ్లు స్వచ్ఛం, చర్మం స్వచ్ఛం, జబ్బు లేదు అని ఉంది. అక్క బావ గడ్డం పట్టుకుని ముఖం ఆవిడ వైపు తిప్పింది.

"ఒక్కసారి ఈయన కళ్లు చూడండమ్మా. ఎంత పచ్చగా ఉన్నాయో."

ఆవిడ చూసింది. పాపం, శ్రద్ధగానే చూసింది. తర్వాత ఫొటో చూసింది. ఎదురుగా నిలబడ్డ మనిషిని పరిగణించే అధికారం తనకు లేదని, ఉన్నా ఆయన శాచురేషన్ ఎంతో తెలియదని వివరించింది. తప్పు మాదేనని, స్టూడియోలో పసుపు తగ్గించేశారని ఒప్పుకున్నాను. కొత్త ఫొటో ఇస్తామన్నాను. జబ్బు లేదని తేలినవారు ఆరు నెలల దాకా ఇంకో ఫొటో పంపకూడదట.

బావ కౌంటర్ అంచు పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. అక్క ఆయన్ని పట్టుకుని ఆవిడని అడిగింది.

"మరి ఈయన్ని ఎక్కడ చూపించమంటారు?"

ఆవిడకు జాలేసినట్టుంది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, నిబంధనల్లో లేని సలహా ఒకటి ఇచ్చింది.

"ఆ స్టూడియో ఆయన దగ్గరికే తీసుకెళ్లండి. ఒక్క రోజులో కళ్లు నయం చేశాడు. ఇక్కడ అంత చెయ్యి తిరిగినవాళ్లెవరూ లేరు."