'వె' మూడు, 'ఆ' అయిదు

గోదావరిఖనిలోని ఒక గని ఆఫీసులో యేసుకుమార్ సీనియర్ గుమాస్తా. వయసు యాభై మూడు. ఆ సోమవారం ఉదయం ఆయన పెట్టుకున్న పని చాలా చిన్నది. మూడు రోజులపాటు తాను మూత్రానికి ఎప్పుడెప్పుడు వెళుతున్నాడో జేబు పుస్తకంలో రాసుకోవాలి. ఎవరికీ తెలియకూడదు.

ఏడాదిగా ఆయనకు అరగంటకోసారి వస్తోంది. వస్తే ఆగదు. కొత్తగూడెంలో ఉన్న కూతురి బిడ్డకు వచ్చే నెల చర్చిలో పేరు పెడుతున్నారు. బస్సులో అన్ని గంటలు కూర్చోవడం తలచుకుంటేనే ఆయనకు చెమటలు పట్టేవి. ఇప్పటికే రెండు ప్రయాణాలు సాకులు చెప్పి ఎగ్గొట్టాడు. మూడో సాకు నోట్లో ఉండగానే భార్య సుగుణమణి పట్టేసింది.

"మనుమరాలిని ఇంకెప్పుడు చూస్తవు? దాని పెండ్లిలనా? నడువు దవాఖానకు!"

దవాఖానలో డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేయించింది. షుగర్ లేదు, ఇన్ఫెక్షన్ లేదు, స్కానింగులోనూ ఏమీ కనబడలేదు.

"రోజుకు ఎన్ని టీలు తాగుతరు?" అని అడిగింది.

"ఆఫీసుల ఎనిమిది మేడం. ఇంట్ల లెక్కపెట్టలే."

"మరి నీళ్లు?"

"భయానికి తాగుతనే లేను."

"గదే తప్పు. నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి సంచి ఇంకింత చిరాకు పడ్తది. ఎందుకైనా మంచిదని నిండకముందే పోయి పోయి, మీ సంచి ఆగుడే మర్చిపోయింది. మళ్ల నేర్పాలె. వచ్చినప్పుడు ఉరుకొద్దు. కదలకుండ కూసోండ్రి. కింది కండరాలు బిగబట్టి, దేన్నన్న ఒకదాన్ని చూసుకుంట మనసుల అంకెలు లెక్కపెట్టుండ్రి. తొందర తగ్గినంక మెల్లగ పోండ్రి. అన్నీ టైముతోటి రాసి గురువారం తీస్కరాండ్రి."

పుస్తకం ఎవరి కంటనైనా పడుతుందేమోనని యేసుకుమార్ పొడి అక్షరాలు పెట్టుకున్నాడు. వెళితే 'వె', ఆపుకుంటే 'ఆ'. తొందర ఎంత ఉందో తెలపడానికి ఒకటి నుంచి అయిదు దాకా ఒక అంకె.

తొమ్మిది పదికి మొదటి పిలుపు వచ్చింది. కుర్చీలో బిగుసుకుపోయి, చూడ్డానికి ఒక వస్తువు కోసం వెతికాడు. ఎదుటి బల్ల దగ్గర కిషన్ టీకొట్టుకు పోదామని అప్పుడే లేచాడు. యేసుకుమార్ కన్నార్పకుండా అతన్నే చూశాడు. పెదవులు కదిలించాడు. గోడ గడియారం చూశాడు. పుస్తకం తీసి రాసుకుని, నిదానంగా లేచి తానే బయటికి వెళ్లాడు.

కిషన్ మెల్లగా మళ్లీ కూర్చున్నాడు.

తొమ్మిది నలభైకి జమున ఫోను పట్టుకుని వరండాలోకి నడుస్తుంటే అదే చూపు, అదే గడియారం, అదే పుస్తకం. పదీ అయిదుకు ఆలస్యంగా వచ్చినవాళ్లందరి మీదా ఒకేసారి పడిందా చూపు. ఈసారి యేసుకుమార్ నుదుటి మీద చెమట కూడా ఉంది.

మధ్యాహ్నం ఆయన పుస్తకం బల్ల మీదే మరచి గబగబా బయటికి వెళ్లాడు. కిషన్ ఒక్క గంతులో అక్కడ వాలాడు.

"అక్కా, గిటు రా. తొమ్మిది పదికి 'వె' మూడు. వె అంటే వెళ్లిండు. గది నేనే!"

"నువ్వు పోనే లేదు గద?"

"పోవాలనుకున్న. అది గూడ రాసిండు! పదీ అయిదుకు 'ఆ' అయిదు. ఆ అంటే ఏంది?"

జమున ముఖం పాలిపోయింది. "ఆలస్యం. అయిదుగురు. తమ్మీ, పెద్దాఫీసోళ్లే ఈయనను మన మీద పెట్టిన్రు."

మంగళవారం తొమ్మిదికల్లా అందరూ కుర్చీల్లో ఉన్నారు. ఎవరూ లేవలేదు. టీ తాగితే లేవాల్సి వస్తుందని టీ కూడా ముట్టలేదు. పదకొండు దాటేసరికి కిషన్ కాలు మీద కాలు వేసుకుని ఊగిపోతున్నాడు. ఆ ఆఫీసులో స్వేచ్ఛగా బయటికి పోయివస్తున్నది ఒక్క యేసుకుమారే. ఎందుకు అందరూ ఇంత బుద్ధిగా ఉన్నారో ఆయనకు అంతుపట్టలేదు. తన అవస్థ తెలిసిపోయి జాలి పడుతున్నారేమోనని కుంగిపోయాడు.

కబురు మేనేజరు రఘుపతికి చేరింది. రోజూ పదిన్నరకు వచ్చే ఆయన బుధవారం తొమ్మిదికి ముందే వచ్చి, యేసుకుమార్‌ని గదిలోకి పిలిచారు. ఎన్నడూ లేనిది కుర్చీ చూపించారు.

"యేసుకుమార్ గారూ, ఆ రాసుడు ఎవరు రాయమన్నరు?"

యేసుకుమార్ చేయి జేబులోని పుస్తకం మీదికి పోయింది. "మేడం చెప్పింది సార్."

"ఏ మేడం? హెడ్డాఫీసా?"

ఏం చెప్పాలో ఆలోచిస్తుండగానే పిలుపు వచ్చింది. యేసుకుమార్ బిగుసుకున్నాడు. ఎదుట ఉన్నది రఘుపతి ముఖం ఒక్కటే. దాన్నే చూస్తూ పెదవులు కదిలించసాగాడు. ఒకటి, రెండు, మూడు...

ఇరవై దాకా రఘుపతి ఓర్చుకున్నారు. "నిన్న పదకొండు ఇరవైకి పోయిన మాట నిజమే. పెద్దపల్లిల మీటింగున్నదని చెప్పిన గానీ, మీటింగు లేదు. బామ్మర్ది ఇంట్ల దావత్."

తలుపు దగ్గర చెవి పెట్టి ఉన్న కిషన్ ఇక ఆగలేక లోపలికి వచ్చాడు. "అన్నా, పోయిన శుక్రవారం నేను డ్యూటీల కటింగు చేయించుకున్న. రాసుకో!"

అతని వెనకే జమున. "ఫోను మాట్లాడింది మా చెల్లెతోటి. గంటసేపు. నిజం."

నలభై లెక్కపెట్టేసరికి తొందర తగ్గింది. యేసుకుమార్ ఊపిరి పీల్చుకుని, తల వంచుకునే చెప్పాడు. "గది డాక్టరమ్మ మేడం సార్. నాకు ఒంటేలు ఆగుతలేదు. ఆపుడు నేర్చుకుంటున్న. వె అంటే నేను పోయిన. ఆ అంటే ఆగిన. మీరెవరూ దాంట్ల లేరు."

కిషన్ నవ్వబోయి, రెండు రోజులుగా తాను బిగబట్టిన సంగతి గుర్తొచ్చి, బయటికి పరుగెత్తాడు. జమున వెళుతూ తలుపు మెల్లగా దగ్గరకు వేసింది.

రఘుపతి గొంతు తగ్గించారు. "ఆ డాక్టరమ్మ ఏ దవాఖానల కూసుంటది? నాకు గూడ మీటింగుల మధ్యల..."

నెల తిరిగేసరికి యేసుకుమార్ టీలు రెండుకు తెచ్చి, నీళ్లు కొంచెం కొంచెంగా పెంచి, రెండు గంటలు ఆగడం నేర్చాడు. బస్సు మధ్యలో రెండుచోట్ల ఆగింది, ఆయనకూ అవే సరిపోయాయి. మనవరాలు మాత్రం ఎత్తుకున్న నిమిషంలోనే చొక్కా తడిపింది.

ఆ మంగళ, బుధవారాల్లో హాజరు అంత బాగా ఎలా మెరుగుపడిందో తెలపమని పెద్దాఫీసు నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. రఘుపతి చాలా ఆలోచించి, 'వైద్య సలహా మేరకు' అని జవాబు రాశారు.