ఆమోదం పొందిన నాలుగు ప్రశ్నలు

ఈ ఏడాది నుంచి ఏడో తరగతి సైన్సు క్లాసులో పిల్లలు ప్రశ్నలు అడుగుతారని విద్యామంత్రిగారు బహిరంగ సభలో ప్రకటించారు. ఇన్నాళ్ళూ మన పిల్లలు వినడమే తప్ప అడగడం ఎరగరనీ, అడగని జాతి ఎదగదనీ, ఎదగని జాతి అడగదనీ సెలవిచ్చారు. రెండో మాటకీ మూడో మాటకీ మధ్య జనం చప్పట్లు కొట్టుకునేందుకు వీలుగా కాస్త ఆగారు కూడా. పథకానికి ‘ప్రశ్నోదయం’ అని పేరు పెట్టారు. మొట్టమొదటి ప్రశ్నలు మా ఊరి స్కూల్లోనే అడుగుతారనీ, జవాబులు స్వయంగా తానే వచ్చి చెబుతాననీ అనేసరికి సభ దద్దరిల్లింది.

ఆ సభకి కుర్చీలు వేసింది నేనే. కుర్చీలు అద్దెకివ్వడం నా వృత్తి. కాబట్టి రాజకీయాల్లో నాకు కొద్దో గొప్పో అనుభవం ఉంది. ఎవరు ఎంతసేపు కూర్చుంటారో, లేచి వెళ్ళాక కుర్చీ ఏ స్థితిలో ఉంటుందో నాకు తెలిసినంతగా పేపర్ల వాళ్ళకి కూడా తెలియదు. అదీగాక స్కూల్లో తల్లిదండ్రుల సంఘానికి నేనే అధ్యక్షుణ్ణి. నాకు పిల్లల్లేరు. మా అక్క కూతురు అక్కడ ఏడో తరగతి చదువుతోంది. అక్కకి తీరిక లేదు గనకా, మీటింగులకి కుర్చీలు నా దగ్గరే ఉన్నాయి గనకా పదవి నన్ను వరించింది.

ఆ స్కూల్లో సైన్సు చెప్పే టీచరమ్మ మంచి మనిషే గానీ, ఒక లోపం ఉంది. ఏ పాఠమైనా చేసి చూపిస్తే గానీ ఊరుకోరు. చంద్రుడి పాఠం వచ్చినప్పుడు నెల పొడుగునా పిల్లల చేత ఆకాశం చూపించి, రోజుకో బొమ్మ గీయించారు. మా మేనకోడలు మెడ నొప్పి పుట్టేదాకా డాబా మీదే ఉండేది. పుస్తకంలో బొమ్మ ఉండగా ఈ తంటాలన్నీ ఎందుకండీ అని నేనొకసారి సలహా ఇస్తే, పుస్తకంలో చంద్రుడు కదలడండీ అన్నారు. ఇలాంటి మనిషి క్లాసుకి మంత్రిగారు వస్తున్నారంటే పై వాళ్ళకి గుండెల్లో రాయి పడడం సహజం.

వెంటనే విద్యాశాఖ అధికారి దిగారు. ఆయన నిద్రలో కూడా సర్క్యులరు జారీ చేయగల సమర్థులు. శాఖలో అందరూ ఆయన్ని సర్క్యులర్ గారు అనే పిలుస్తారు, గౌరవంతోనే. పిల్లలు ఏమేం అడుగుతారో ముందుగా రాసివ్వమని ఆయన టీచరమ్మకి చెప్పారు. ఆవిడ అమాయకంగా పిల్లల్నే అడిగి రాసిచ్చారు. వీధి కుళాయిలో పొద్దున పూట నీళ్ళు పచ్చగా ఎందుకు వస్తాయని ఒకడు అడిగాడు. ఫ్యాక్టరీ గొట్టంలోంచి పగలు తెల్లగా వచ్చే పొగ రాత్రి నల్లగా ఎందుకు వస్తుందని ఇంకొకడు. స్కూలు మరుగుదొడ్డి దగ్గర వాసన వేసేది ఏ వాయువు, అది తలుపు వేసినా తరగతిలోకి ఎలా వస్తుంది అని మా మేనకోడలు.

సర్క్యులర్ గారు అన్నీ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇవి ప్రశ్నలు కావమ్మా. ఫిర్యాదులు."

"పిల్లలు అడిగినవే రాశానండీ."

"అదే మరి. ఏం అడగాలో పిల్లల్ని అడిగితే ఎలాగ?"

ఆ వివేకానికి నేను లోలోపల దణ్ణం పెట్టుకున్నాను. చివరికి పాఠ్యపుస్తకంలోంచి నాలుగు ప్రశ్నలు ఏరి, జవాబులతో సహా పై ఆఫీసుకి ఆమోదానికి పంపారు. అక్కడివాళ్ళు ఎంత శ్రద్ధగా చూస్తారో అవి తిరిగొచ్చాక గానీ నాకు తెలియలేదు.

చంద్రుడు ఎందుకు పెరుగుతాడు, ఎందుకు తరుగుతాడు అన్న ప్రశ్నలో రెండో సగం కొట్టేశారు. మంత్రిగారి ఎదుట తరగడం గురించి మాట్లాడడం అశుభం. ఇనుము ఎందుకు తుప్పు పడుతుంది అన్నది మొత్తానికే పోయింది. మంత్రిగారు ప్రారంభించిన వంతెన మొదటి వానకే ఎర్రబారిన సంగతి ఊరందరికీ తెలుసు. దాని బదులు బంగారం ఎందుకు తుప్పు పట్టదు అని అడగమన్నారు. కప్ప నీళ్ళలోనూ నేల మీదా ఎలా బతుకుతుంది అన్న ప్రశ్న దగ్గర పై ఆఫీసులో పెద్ద చర్చే జరిగిందట. మంత్రిగారు ఇప్పటికి ముచ్చటగా మూడు పార్టీలు మారారు. ఆయన ముందు కప్ప ప్రస్తావన తెస్తే ఎత్తిపొడుపవుతుంది. అందుకని కప్పని తీసేసి, చేప నీళ్ళలోనే ఎందుకు ఉంటుంది అని మార్చారు. అందులో నిబద్ధత ఉంది. ఇక, మనం తిన్నది ఏమవుతుంది అన్న ప్రశ్నలో ‘తిన్నది’ అన్న మాట కింద ఎర్ర గీత గీశారు. తిన్నది ఏమైందని ప్రతిపక్షం వాళ్ళు రోజూ అడుగుతూనే ఉన్నారు, పిల్లలు కూడా అడగాలా? అది ‘ఆహారం ఎలా జీర్ణమవుతుంది’గా మారింది.

ఈ నాలుగూ అయ్యాక పిల్లలు సొంతంగా ఒక్కటైనా అడగొచ్చా అని టీచరమ్మ అడిగారు. ముందు ఉదయం కానివ్వండమ్మా, మధ్యాహ్నం సంగతి తర్వాత చూద్దాం అన్నారు సర్క్యులర్ గారు.

రిహార్సల్స్ మొదలయ్యాయి. డ్రిల్లు మాస్టారు మంత్రిగారి పాత్ర వేశారు. ప్రశ్న అడగడం పిల్లలకి ఒక పూటలో వచ్చేసింది గానీ, ఆశ్చర్యపోవడం మాత్రం ఓ పట్టాన రాలేదు. జవాబు వినగానే కనుబొమలు ఎత్తి, "ఓహో, అదా సంగతి" అని అందరూ ఒక్క గొంతుతో అని, ఆపైన చప్పట్లు కొట్టాలి. కొందరు ప్రశ్న పూర్తికాకుండానే ఆశ్చర్యపోయేవారు. గొంతు పెద్దది కావడం వల్ల చంద్రుడి ప్రశ్న మా మేనకోడలికి వచ్చింది.

"మావయ్యా, జవాబు తెలిసిన ప్రశ్న ఎందుకు అడగడం?" అంది ఇంట్లో.

క్రమశిక్షణ కోసం అని చెప్పాను. అది నన్ను డాబా మీంచి చంద్రుణ్ణి చూసినట్టు చూసింది.

ఆ రోజు రానే వచ్చింది. తరగతి గదికి కొత్త రంగు వేశారు. విరిగిన బల్లలు తీసేసి నా కుర్చీలు వేశారు. మరుగుదొడ్డి వైపు కిటికీకి మేకులు కొట్టేశారు. దాంతో గాలి ఆడక, అప్పటికప్పుడు ఓ కొత్త ఫ్యాను తెచ్చి బిగించారు. మంత్రిగారు వచ్చి ఆసీనులు కాగానే గౌరవసూచకంగా ఫ్యానుని పూర్తి స్పీడులో పెట్టారు. బల్ల మీద వరసగా పేర్చి ఉంచిన జవాబు కార్డులు ఎగిరి గది నాలుగు మూలలా పడ్డాయి. పి.ఏ. గారు ఎంత చురుకైనవారో, క్షణంలో అన్నీ ఏరి మంత్రిగారి చేతిలో పెట్టేశారు. ఏది ఏ వరసలో ఉందో చూసే తీరిక ఎవరికీ లేదు. కెమెరాలు తిరుగుతున్నాయి.

మా మేనకోడలు లేచి, చంద్రుడు ఎందుకు పెరుగుతాడండీ అని అడిగింది. మంత్రిగారు పై కార్డు తీసి గంభీరంగా చదివారు.

"నోట్లో బాగా నలిగి, కడుపులోకి దిగి, అక్కడి రసాలతో కలిసి ఒంటికి పడుతుంది కాబట్టి."

చదివి ఆగారు. తలెత్తి గదంతా ఒకసారి కలియజూశారు. మా పిల్ల నోరు తెరిచినది తెరిచినట్టే నిలబడిపోయింది. అయితే రిహార్సల్ ఊరికే పోతుందా? మిగతా క్లాసు కనుబొమలు ఎత్తి "ఓహో, అదా సంగతి" అంది. సర్క్యులర్ గారు అందరికన్నా ముందు చప్పట్లు కొట్టారు. ఆయన వెనకే తల్లిదండ్రులందరి తరఫునా నేనూ కొట్టాను. అరచేతులు మండేలా కొట్టానని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

బంగారం ప్రశ్నకి మంత్రిగారు పై కార్డుని చూసి, దాన్ని వదిలేసి, అడుగున ఉన్న కార్డు తీశారు. అట్టడుగున ఉన్నవాటి మీద ఆయనకున్న ప్రేమ అలాంటిది. బంగారం తుప్పు పట్టకపోవడానికి కారణం అది మొప్పలతో ఊపిరి పీల్చడమేనని తేలింది. చేప నీళ్ళలోనే ఎందుకు ఉంటుందంటే, గాలితో గానీ నీటితో గానీ దానికి ఏ సంబంధమూ లేదు కాబట్టి. ఆహారం సంగతికి వచ్చేసరికి ఆయన గొంతులో ఒక మాధుర్యం తొణికింది.

"వెలుగు పడ్డంత మేరకే అది మనకి కనబడుతుంది. మిగతాదంతా చీకట్లోనే ఉంటుంది."

దీనికి విలేకరులు కూడా చప్పట్లు కొట్టారు. బోర్డు పక్కన నిలబడ్డ టీచరమ్మ మాత్రం చేతులు కట్టుకునే ఉన్నారు. మధ్యలో ఒకసారి ఏదో అనబోయి అడుగు ముందుకు వేస్తే, సర్క్యులర్ గారు కళ్ళతోనే ఒక సర్క్యులరు పంపారు. ఆవిడ ఆగిపోయారు.

మర్నాడు పేపర్లలో జవాబులన్నీ యథాతథంగా అచ్చయ్యాయి. సర్క్యులర్ గారికి చిన్న చిక్కు వచ్చిపడింది. మంత్రిగారు చెప్పింది ఒకటి, పుస్తకంలో ఉన్నది ఒకటి. మంత్రిగారు తప్పు చెప్పరు కాబట్టి తప్పు పుస్తకానిదే అయ్యుండాలి. నిపుణుల కమిటీ కూర్చుంది. చంద్రుడు చీకటిని రోజుకి కాస్త చొప్పున మింగి అరిగించుకుంటాడని అర్థం చేసుకుంటే మంత్రిగారి జవాబే లోతైనదని ఒక పెద్దాయన తేల్చారు. చేప విషయంలో కమిటీ రెండుగా చీలింది గానీ, భోజనాల తర్వాత ఏకాభిప్రాయం కుదిరింది. కొత్త జవాబులు అచ్చువేసి, పాత వాటి మీద అంటించమని స్కూళ్ళకి పంపారు. జిగురు మాత్రం స్కూళ్ళే చూసుకోవాలి.

పరీక్షలు వచ్చాయి. క్లాసులో చాలామంది తెలివైన పిల్లలు. కొత్త జవాబులు బట్టీపట్టి గట్టెక్కారు. మా మేనకోడలు మాత్రం తను నెలరోజులు డాబా మీద చూసిందే రాసింది. టీచరమ్మ దానికి పూర్తి మార్కులు వేశారు. పేపర్లు మళ్ళీ దిద్దించిన సర్క్యులర్ గారు వాటిని సున్నా చేశారు. పిల్ల సైన్సులో తప్పింది; ఏడో తరగతి మళ్ళీ చదవాలన్నారు. టీచరమ్మని పిల్లలే లేక మూతపడ్డ ఒక స్కూలుకి హెడ్డుగా ప్రమోషన్ మీద బదిలీ చేశారు. ఇంతటి గౌరవం మా స్కూల్లో మరెవరికీ దక్కలేదు.

మా అక్క ఊరుకునే రకం కాదు. గిన్నె ఎత్తి పడేసినట్టు మాట పడేసింది.

"పిల్ల అన్నం మానేసి కూర్చుంది. అధ్యక్షుడివి కదరా, ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టొచ్చావు. వెళ్ళి ఆయన్నే అడుగు."

అడుగుతానని మాటిచ్చాను. టీచరమ్మని వెంటబెట్టుకుని మంత్రిగారి ఇంటికి వెళ్ళాను. మీ పిల్ల బొమ్మలు మొత్తం క్లాసులోకీ బాగా గీసిందండీ, అని దారిలో ఆవిడ అన్నారు.

మంత్రిగారు వెంటనే లోపలికి పిలిచి, కూర్చోబెట్టి, పి.ఏ. గారిని బయటికి పంపారు. టీచరమ్మ ఉన్నదున్నట్టు చెప్పారు. జవాబులు తారుమారయ్యాయనీ, చంద్రుడికీ పేగులకీ సంబంధం లేదనీ, చేపకి నీళ్ళతో సంబంధం ఉందనీ, నిజం రాసిన పిల్ల తప్పిందనీ. ఆయన అడ్డుపడకుండా విన్నారు.

"తెలుసమ్మా. రాజకీయాల్లోకి రాకముందు నేనూ ఏడో తరగతికి సైన్సు చెప్పేవాణ్ణి. చంద్రుడి పాఠానికి మీరేం వాడతారు?"

"బంతీ, టార్చిలైటూ అండీ."

"నిమ్మకాయ వాడి చూడండి. పాఠం మరిచిపోయినా వాసన గుర్తుంటుంది పిల్లలకి."

మరి తెలిసీ ఎందుకు చదివారని టీచరమ్మ అడిగారు.

"మొదటిది ఫ్యాను చేసిన తప్పు," అన్నారు మంత్రిగారు. "చదివాక ఆగాను కూడా, ఎవరైనా ఏమైనా అంటారేమోనని. గదినిండా చప్పట్లు. మిగతా మూడూ నావే."

ఆయన మొహంలో, చిన్నప్పుడు గెలిచిన ఆట గుర్తొచ్చినవాళ్ళ ఆనందం కనిపించింది. టీచరమ్మ, అయితే ఆ పుస్తకం సరిదిద్దించండి, ఆ పిల్లని పాస్ చేయించండి అన్నారు.

"తప్పకుండా. ఎవరైనా అడిగితే చాలు. మన పథకమే అది కదా."

"నేను అడుగుతున్నానండీ."

"ఉద్యోగులు అడగడానికి రూల్సు ఒప్పుకోవమ్మా. పిల్లలు అడగాలి. లేకపోతే వాళ్ళ తరఫున పెద్దవాళ్ళు."

ఇద్దరూ నా వైపు తిరిగారు.

నేను లేచి నిలబడ్డాను. చొక్కా సర్దుకున్నాను. ఇంత పెద్దవారు ఇంత విడమరిచి చెప్పాక ఇంకా అడగడానికి ఏముంటుందండీ అన్నాను.

మంత్రిగారు టీచరమ్మకేసి చూసి, సుద్దపొడి అంటినట్టు చేతులు దులుపుకుని, బెల్లు నొక్కారు.