బాబాయ్ గారి చెయ్యి

ఆఫీసుల్లో ఆడవాళ్ళ మీద పడే చేతుల గురించి లోకం అనవసరంగా గగ్గోలు పెడుతోంది. ఆ చేతులే లేకపోతే మా రంగుల కంపెనీ ఈపాటికి మూతపడేదని నేను ఘంటాపథంగా చెప్పగలను!

మా మేనేజర్ గారినే తీసుకోండి. "సార్ ఏంటమ్మా, పరాయివాణ్ణి పిలిచినట్టు! బాబాయ్ అనండి. మనదంతా ఒకటే కుటుంబం" అంటారు. అనడంతో ఆగిపోతే ఆయన గొప్పేముంది? మాట పూర్తయ్యేలోపే చెయ్యి వచ్చి ఎదుటి అమ్మాయి భుజం మీద వాలుతుంది. అక్కడి నుంచి వీపు మీదికి, వీపు మీది నుంచి నడుం మీదికి... వాత్సల్యం అన్నాక ఒకచోట నిలుస్తుందా?

ఆ చెయ్యి వల్ల మాకు ఒరిగిన లాభాలు వినండి. ఆయన లిఫ్ట్‌లో వస్తారు కనుక మా ఆడవాళ్ళందరూ నాలుగంతస్తులూ మెట్లెక్కే వస్తారు. ఏ డాక్టరు చెబితే ఇంత శ్రద్ధగా ఎక్కుతారండీ? ఆయన గదిలోకి ఒంటరిగా ఎవరూ అడుగుపెట్టరు, ఇద్దరిద్దరుగా వెళ్తారు. ఎంత ఐకమత్యం! వెళ్ళేటప్పుడు రంగుల నమూనాల పుస్తకాన్ని గుండెలకి హత్తుకుని మరీ వెళ్తారు. కంపెనీ సరుకు మీద ఇంత మమకారం ఇంకెక్కడైనా చూశారా?

కొత్తగా చేరిన అమ్మాయిలకి పని కన్నా ముందు ఈ జాగ్రత్తలే నేర్పుతారు, టీ గదిలో గుసగుసగా. ఆయనకి మాత్రం ఎవరూ ఏమీ నేర్పరు. పెద్దమనిషి కదా, నొచ్చుకుంటారు.

ఇంత చక్కటి సంసారంలో నిప్పులు పోసింది రంగులు కలిపే సెక్షన్‌లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఉద్యోగం పర్మనెంట్ కావాలంటే సంతకం పెట్టాల్సింది బాబాయ్ గారే. అలాంటప్పుడు నోరు కుట్టేసుకుని కూర్చోవాలా, వద్దా? "ఇంట్లో నా జీతమే ఆధారం. నాకూ భయంగానే ఉంది. కానీ పొద్దున లేస్తే చాలు, ఏ వంకతో సెలవు పెట్టాలా అని వెతుక్కుంటున్నాను" అంటూ వెళ్ళి కంప్లైంట్ ఇచ్చేసింది!

కమిటీ కూర్చుంది. అధ్యక్షురాలు అకౌంట్స్ పెద్దావిడ. జరిగింది రాసుకునే పని నాది.

బాబాయ్ గారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "నా కూతురి వయసమ్మా నీది! అలవాటుగా చెయ్యి అలా వెళ్ళిపోతుంది, నాకే తెలీదు. అదో జబ్బనుకో!" అన్నారు. వింటున్న నా గుండె చెరువైపోయింది. పాపం, జబ్బు మనిషిని ఏమంటాం?

అమ్మాయినే ఊరి చివరి గోడౌన్‌కి మార్చేస్తే ఇద్దరికీ మంచిదని పెద్దావిడ తేల్చేశారు. "అక్కడ గాలీ వెలుతురూ బావుంటాయమ్మా" అని ఓదార్చారు కూడా.

"అలాగే మేడమ్. ఒక్క మాట అడగనా?" అంది అమ్మాయి. అడగమన్నారు.

ఆమె బాబాయ్ గారి వైపు తిరిగింది. "పోయిన నెల ఓనర్ గారమ్మాయి పని నేర్చుకోవడానికొచ్చి, వారం రోజులు మీ గదిలో మీ పక్క కుర్చీలోనే కూర్చున్నారు కదండీ. ఆవిడదీ నా వయసే. ఆ వారమంతా మీరు చేతులు కట్టుకునే ఉన్నారు. ఏం మందు వాడారు బాబాయ్ గారూ?"

బాబాయ్ గారు నీళ్ళ గ్లాసు అందుకోబోయి ఒలకబోసుకున్నారు.

పెద్దావిడ మొహం కందగడ్డ అయింది. మోకాళ్ళ నొప్పులతో ఏళ్ళ తరబడి మెట్లెక్కుతున్న మనిషి మరి! "గోడౌన్‌కి నువ్వెందుకు వెళ్తావే పిచ్చిదానా! ఇక్కడే ఉండు. నీ కాగితం మీద ఇంకెవరైనా పెడతారు సంతకం. ఇంటికి పోవాల్సింది ఈయన" అన్నారు.

పోయారు. నాకు మాత్రం మనసు మనసులో లేదు. అంత పెద్దమనిషికి అంత అవమానమా? ఇలాంటివి మళ్ళీ జరగకూడదని ఉద్యోగాలు వెతుక్కునే అమ్మాయిలందరికీ చేతులు జోడించి మనవి చేస్తున్నాను. తొందరపడకండి. ముందు శుభ్రంగా ఓనర్ గారి కడుపున పుట్టి, ఆ తర్వాతే అప్లికేషన్ పెట్టుకోండి. అప్పుడు ఏ మేనేజరుకీ ఏ జబ్బూ రాదు!