లస్కరు భార్య సంతకం

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు వచ్చి పదహారు నెలలే అయింది. ఒత్తులు మరిచిపోతుంటాను. దీర్ఘాల దగ్గర ఇప్పటికీ అనుమానమే. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. తప్పులు కనిపిస్తే మీరే దిద్దుకుని చదువుకోండి.

అపరాధ పరిశోధన నవలలు రాసే చిదంబరరావు గారు తన నవల 'లాకుల దగ్గర శవం'ను సినిమా స్క్రిప్టుగా మారుస్తూ ఒక పాత్రను కొట్టివేసిన మూడో రోజు ఉదయం పదిన్నరకు, ఆ పాత్ర ఒక రేకుపెట్టె పట్టుకుని యూసుఫ్‌గూడలోని ఆయన ఫ్లాటుకు వచ్చింది. ఇందులో వింతేమీ లేదు. నవల సినిమా అయ్యేటప్పుడు మిగిలిపోయిన పాత్రలు రచయిత ఇంటికే వస్తాయి. పక్క వీధిలో కుటుంబ నవలలు రాసే ఒకావిడ ఇంట్లో నలుగురు ఆడపడుచులు, ఒక మేనత్త ఏడేళ్ళుగా ఉంటున్నారు. అక్కడ స్నానాల గది దగ్గర రోజూ గొడవే.

చిదంబరరావు గారికి మాత్రం ఇదే మొదటి సినిమా. ఆయనకు డెబ్భై రెండేళ్ళు. భార్య పోయింది, ఒక్కడే ఉంటాడు. ముప్ఫై నవలల్లో నూట పదిమందిని చంపాడు గానీ, ఇంట్లో చీమలు పడితే బెల్లం డబ్బానే పక్కకు జరుపుతాడు.

"ఎవరమ్మా?" అన్నాడు తలుపు తీసి.

"నేనండి బాబుగారూ. లస్కరు పెళ్ళాన్ని."

ఆయనకు గుర్తు రావడానికి కొంచెంసేపు పట్టింది. నవల రాసి ముప్ఫై ఒక్క ఏళ్ళయింది మరి. కాలవ లాకుల తలుపులు ఎత్తి దించే మనిషిని లస్కరు అంటారు. నవల మొదటి అధ్యాయంలో లస్కరు నూకరాజు లాకుల దగ్గర నీళ్ళలో బోర్లా తేలుతూ కనిపిస్తాడు. ఒక పడవలో ఏం పోతోందో చూసినందుకు కాంట్రాక్టరు అతన్ని చంపించాడు. అతని భార్య నవల మొత్తం మీద మూడు పేజీల్లో ఉంటుంది. ఒక పేజీలో ఏడుస్తుంది. ఒక పేజీలో, మొగుడు రాసి పెట్టిన చీటీని చదివి పెట్టమని తీసుకెళ్ళి ఆ కాంట్రాక్టరు చేతికే ఇస్తుంది. ఇంకో పేజీలో డిటెక్టివ్‌కు మజ్జిగ ఇస్తుంది. కాంట్రాక్టరు చీటీ చూసి, "ఇంటికి ఆలస్యంగా వస్తానని రాశాడు" అని చెప్పి జేబులో పెట్టుకుంటాడు. ఆమెకు చదువు రాదు కాబట్టి నమ్ముతుంది. అందువల్ల డిటెక్టివ్‌కు రెండు వందల పేజీల పని దొరుకుతుంది.

"సార్, మనకున్నది రెండు గంటల పది నిమిషాలు. ఏడుపుకు, మజ్జిగకు చోటు లేదు," అని డైరెక్టర్ ప్రణీత్ ఆమెను తీసేయించాడు.

ఆమె పెట్టె దించి, మెట్ల వైపు తిరిగి చూసింది. "మా మావ రాలేదాండి?"

"ఆయన సినిమాలో ఉన్నాడమ్మా. మొదటి సీనే ఆయనది."

ఆమె ముఖం విప్పారింది. "హీరోనా?"

"శవం."

ఆమె పెట్టె మీద కూర్చుంది. "మళ్ళీనా?" అంది. "పుస్తకంలో ఒకసారి పోయాడు. ఎలాగో ఓర్చుకున్నాను. ఇప్పుడు ఎన్నిసార్లండి?"

చిదంబరరావు గారు అబద్ధం ఆడలేదు. "రోజుకు నాలుగు ఆటలు. ఆదివారం అయిదు."

ఆమె లేచింది. చీర కొంగు బొడ్లో దోపుకుని వంటింట్లోకి వెళ్ళి, రెండేళ్ళుగా కారుతున్న కుళాయిని గట్టిగా తిప్పి కట్టేసింది. నీళ్ళు ఊరికే పోతుంటే లాకుల దగ్గర బతికిన మనిషి చూస్తూ ఊరుకోలేదు.

మర్నాడు ఇద్దరూ పాత్రల బదిలీ కార్యాలయానికి వెళ్ళారు. అక్కడ సూపరింటెండెంటు జీవరత్నం గారు పన్నెండో నంబరు ఫారం ఇచ్చింది. 'నన్ను తొలగించుటకు నాకు ఏ అభ్యంతరమూ లేదు' అని పాత్ర ఒప్పుకుంటూ సంతకం చేయాలి. సంతకం పడేదాకా స్క్రిప్టు రిజిస్టరు కాదు, రిజిస్టరు కానిదే కెమెరా తిరగదు. సినిమాలో కొనసాగే పాత్రల అనుమతి ఎవరూ అడగరు. తీసేసేవాళ్ళనే అడుగుతారు.

"వేలిముద్ర వేస్తుందండి," అన్నాడు చిదంబరరావు గారు.

"వేలిముద్రలు మానేశాం సార్. ఒక రచయిత అరవై పాత్రలకు తన బొటనవేలే వేశాడు. సంతకమే కావాలి." జీవరత్నం గారు ఫారం వెనక్కి నెట్టింది. "పేరు దగ్గర 'లస్కరు భార్య' అని రాశారేంటి? అది చుట్టరికం. పేరు రాయండి."

చిదంబరరావు గారు పెన్ను పట్టుకుని ఆలోచించాడు. "సౌదామిని అని పెడదామా? మోహిని? పోనీ సువర్ణ?"

"నాకు పేరుందండి," అంది ఆమె. "మీరు అడగలేదు."

ఆయన అడిగాడు. ఆమె చెప్పింది. పేరు బాగుందని, ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట ఇది ఎందుకు తోచలేదా అని ఆయన ఆటోలో వస్తూ చాలాసేపు అనుకున్నాడు.

ఆ విధంగా, ఆమెను తీసేయడానికి ఆమెకు చదువు చెప్పవలసి వచ్చింది. చిదంబరరావు గారు స్క్రిప్టు కాగితాల వెనక అక్షరాలు రాసి ఇచ్చేవాడు. ఆయనకు తెలిసిన మాటలతోనే పాఠం చెప్పాడు. అ అంటే అనుమానితుడు. ఆ అంటే ఆయుధం. క అంటే కత్తి. శ దాకా వెళ్ళేసరికి ఆమె పలక కింద పెట్టింది.

"మంచి మాట ఒక్కటైనా లేదేంటండి మీ దగ్గర?"

ఆయన కిటికీలోంచి చూస్తూ చాలాసేపు ఆలోచించి, "గ అంటే గన్నేరు," అన్నాడు. ఆమె సంతోషించి పది గన్నేరులు రాసింది. తన తొమ్మిదో నవలలో గన్నేరు గింజలతోనే ముగ్గురు పోయారని ఆయన చెప్పలేదు.

ఆమె పేరులో రెండు దీర్ఘాలు, ఒక ఒత్తు ఉన్నాయి. ఒత్తు రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఇంతలో ప్రణీత్ రోజూ ఫోన్ చేసేవాడు.

"సార్, ఆంటీ ఎక్కడిదాకా వచ్చారు?"

"మ దగ్గర ఉంది బాబూ."

"హీరో డేట్లు పోతున్నాయి సార్. కొంచెం స్పీడు పెంచమనండి."

సంతకం వచ్చింది. కానీ ఆమె అక్కడ ఆగలేదు. చదవడం వచ్చినవాళ్ళు ముందుగా తమ గురించి ఏం రాశారో చూసుకుంటారు. ఆమె 'లాకుల దగ్గర శవం' తీసి, వేలు పెట్టి, రోజుకు పన్నెండు పేజీల చొప్పున చదివింది. మొదటి అధ్యాయం రెండుసార్లు చదివింది. ఆ రోజు అన్నం తినలేదు. చిదంబరరావు గారు కూడా తినలేదు. రాసినవాడు ఎదురుగా ఉండగా చదివితే ఇద్దరికీ ఇబ్బందే.

పదిహేడో రోజు నూట తొంభై ఎనిమిదో పేజీ వచ్చింది. ఆయన నవలల్లో విలన్లు ఏ కాగితమూ తగలబెట్టరు. కాబట్టి డిటెక్టివ్‌కు ఆ చీటీ కాంట్రాక్టరు డైరీలో దొరుకుతుంది. 'పడవ నంబరు నాలుగు వందల పదిహేడు. నాకేదైనా జరిగితే ఈ సంగతి పోలీసులకు చెప్పు.'

ఆమె పుస్తకం పట్టుకుని ఆయన గదిలోకి వచ్చింది.

"బాబుగారూ, ఈ చీటీ మా మావ నాకే రాశాడా?"

"నీకే అమ్మా."

"నాకు చదువు రాదని ఆయనకు తెలీదాండి?"

చిదంబరరావు గారు కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

"పద్దెనిమిదేళ్ళు కాపురం చేశాడు," అంది ఆమె. "రోజూ పొద్దున్నే గేజీ బల్ల మీద నీటి మట్టం చూసి, గట్టు మీంచి నాకు కేకేసేవాడు. మూడడుగుల ఆరంగుళాలే, అని. ఓవర్సీరు గారు వచ్చేదాకా గుర్తుపెట్టుకోవడం నా పని. మా మావకు మతిమరుపు. నాకేమో ఒకసారి చెవిలో పడితే పోదు. నాలుగొందల పదిహేడు అని ఒక్క కేకేస్తే చాలు గదండి. చీటీ ఎందుకు రాస్తాడు?"

"కథ అలా కుదిరిందమ్మా."

"కుదరలేదండి. మీరు ఆయన నోరు నొక్కేశారు."

నవల పదకొండు ముద్రణలు పొందింది. లస్కరు భార్య బుద్ధిలేనిదని, ఆమె వల్లే సాక్ష్యం పోయిందని వందలమంది పాఠకులు ఉత్తరాలు రాశారు. చదువురాని పెళ్ళానికి మొగుడు చీటీ ఎందుకు రాశాడని ఒక్కరూ అడగలేదు. నూకరాజు మామూలుగా నోటితో చెప్పి ఉంటే నవల పన్నెండో పేజీలో అయిపోయేది. డిటెక్టివ్ బస్సు దిగేవాడే కాదు.

చిదంబరరావు గారు ఆ పూటంతా కుర్చీలోంచి లేవలేదు. ఆయన భార్య బతికి ఉండగా, గుమ్మం దగ్గర నిలబడి ఏదైనా చెప్పబోతే, "రాసుకుంటున్నాను, తర్వాత," అనేవాడు. తను చెప్పవలసినవి కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద పెట్టేవాడు. అలాంటి మనిషికి ఆ చీటీలో తప్పు ఎలా కనిపిస్తుంది?

"ఏం చేయమంటావు?" అన్నాడు చివరికి.

"మావను రానివ్వకండి ఆ సినిమాలోకి. అప్పుడు పెడతాను సంతకం."

పుస్తకంలో పోయినవాడు తిరిగి రాడు. ఆ విషయం ఆమెకు తెలుసు. రోజుకు నాలుగుసార్లు పోకుండా ఉంటే చాలునంది.

కార్యాలయంలో సమావేశం జరిగింది. ప్రణీత్ నల్ల కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆంటీ, శవం లేకపోతే ఫస్ట్ సీనే లేదు. జనం పాప్‌కార్న్ కొనుక్కుని వచ్చేలోపు ఒకడు చావాలి."

"చావనీ నాయనా. మా మావ మాత్రం కాదు."

"పోనీ పేరు మారుద్దాం. సింహాచలం అంటే?"

"సింహాచలానికి పెళ్ళాం ఉండదా?"

ప్రణీత్ చిదంబరరావు గారి వంక చూశాడు. ఆయన నేల చూశాడు. నూట పదిమందిని చంపినప్పుడు ఎవరికెవరు ఉన్నారని ఆయన ఎన్నడూ లెక్క చూడలేదు.

జీవరత్నం గారు నిబంధనల పుస్తకం తిరగేసి, కళ్ళద్దాలు సర్దుకుంది. "ఇందులో అంత ఆలోచించాల్సిందేముంది? 'గుర్తు తెలియని వ్యక్తి' అని రాసుకోండి. పేరు అక్కర్లేదు, ఊరు అక్కర్లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. అన్నిటికంటే సులువు. ఇప్పుడు ఎక్కువమంది అదే వాడుతున్నారు."

ప్రణీత్ లేచి సూపరింటెండెంటు గారికి చేతులు జోడించాడు. గుర్తు తెలియని మనిషి అయితే సస్పెన్స్ కూడా పెరుగుతుందన్నాడు. నూకరాజు పేరును ఎర్ర సిరాతో కొట్టేశారు. ఆమె ఫారం దగ్గరికి లాక్కుని, రెండు దీర్ఘాలు, ఒక ఒత్తు తప్పకుండా, తన పేరు రాసింది. చిదంబరరావు గారు ఒత్తు వైపే చూస్తున్నాడు. సరిగా పడ్డాక ఊపిరి వదిలాడు.

సంతకం అయ్యాక పాత్ర ఎక్కడికి వెళ్ళాలన్నది పాత్ర ఇష్టం. ఆమె రేకుపెట్టె సర్దుకుంది. చిదంబరరావు గారు గుమ్మం దగ్గర నిలబడి, కాగితం మీద ఏమీ రాయకుండా, నోటితో, "ఉండిపో అమ్మా," అన్నాడు. ఆమె ఉండిపోయింది. ఇప్పుడు పొద్దున్నే డాబా మీద ట్యాంకులో నీళ్ళు ఎంతున్నాయో చూసి ఆయన మెట్ల మీంచి కేకేస్తాడు. ఆమె గుర్తుపెట్టుకుంటుంది. అడగడానికి ఓవర్సీరు ఎవరూ రారు.

సినిమా బాగా ఆడింది. ఇద్దరూ మార్నింగ్ షోకు వెళ్ళారు. మొదటి సీనులో లాకుల తలుపు దగ్గరికి ఒక శవం బోర్లా తేలుతూ వచ్చింది. అది నూకరాజు కాదు. వీపు వెడల్పుగా ఉంది, నూకరాజుది సన్నం. ఆమె తృప్తిగా వెనక్కి వాలింది. అప్పుడే కెమెరా ఆ మనిషి చేతి మీదికి వెళ్ళింది. మణికట్టుకు ఎర్రదారం ఉంది, మూడు ముళ్ళు వేసి. తనకు తాను ఒంటిచేత్తో మూడు ముళ్ళు ఎవరూ వేసుకోలేరు.

"ఎవరో కట్టారండి," అంది ఆమె.

"అది దుస్తుల విభాగం వాళ్ళు కట్టి ఉంటారమ్మా," అన్నాడు చిదంబరరావు గారు. వెనక సీటాయన ఇద్దరినీ మాట్లాడవద్దన్నాడు. మాట్లాడలేదు. సినిమా పూర్తిగా చూసి, చెరో సమోసా తిని ఇంటికి వచ్చారు.

ఆమె సంతకం పెట్టింది మావ కోసం. అది వెళ్ళి పడింది ఇంకెవరి మీదో. ఈ విషయం కార్యాలయంలో చెబితే, 'గుర్తు తెలియని వ్యక్తి' కాలమ్ కింద ఫిర్యాదు చేయాలంటే ముందు ఆ మనిషి పేరు రాయాలన్నారు.

అందువల్ల ఆమె ఇప్పుడు రోజూ పేపరు చదువుతుంది. జిల్లా పేజీలో కింద మూలగా చిన్న అక్షరాలతో వేస్తారు. గుర్తు తెలియని వ్యక్తి, సుమారు యాభై ఏళ్ళు, నీలం గళ్ళ లుంగీ, కుడిచేతికి దారం. ప్రతి రోజూ ఒకరో ఇద్దరో ఉంటారు. అందరూ మామూలుగానే పేజీ తిప్పేస్తారు. ఎక్కడో ఆ దారం కట్టిన ఆమె ఉంటుంది, ఆమెకు చదువు రాదేమో. అందుకని లస్కరు భార్య వాటిని పైకి చదివి, గేజీ లెక్కలా గుర్తుపెట్టుకుంటుంది. ఇప్పటికి నాలుగు వందల పదహారు మంది అయ్యారు. ఎవరైనా వచ్చి అడిగితే చెప్పగలదు.

ఇట్లు,
సంగాడి సూరీడమ్మ, లస్కరు నూకరాజు భార్య.
వయసు పుస్తకం ప్రకారం నలభై నాలుగు, పుస్తకం అచ్చయిన సంవత్సరాలు కలిపితే డెబ్భై అయిదు.
ప్రస్తుతం యూసుఫ్‌గూడలో, చిదంబరరావు గారి ఫ్లాటులో, వంటింటి పక్క గదిలో ఉంటున్నాను.