రచయిత నోరు విప్పకూడదు

పొద్దున్నే ముసురు పట్టింది. రచయిత వేసుకున్న పథకం మాత్రం సాఫీగానే ఉంది. నల్లబట్టల్లో నలుగురు నటులు కుర్చీల్లో కూర్చుని ఆయన కొత్త నాటకం చదువుతారు, వచ్చినవాళ్లు లోపాలు చెబుతారు, ఆయన దిద్దుకుంటాడు. చర్చ ముగిసేదాకా రచయిత వెనక వరసలో కూర్చోవాలి, నోరు విప్పకూడదు. ఇలాంటి పఠనాలకి అదే కట్టుబాటు. నాటకశాల యజమాని వస్తానన్నాడు. ఆయనకి నచ్చితే నాటకం రంగం ఎక్కుతుంది. నచ్చకపోతే ఇక కలం ముట్టనని రచయిత భార్యతో అనేశాడు. సంతోషం దాచుకోలేక ఆమె నానా తంటాలూ పడింది.

వేదిక మరీ బోసిగా ఉందని దర్శకురాలు రచయిత ఫొటో తెప్పించి, పక్కన తెల్లపూల కుండీ పెట్టించింది. అది పాత ఫొటో. అందులో ఆయనకి బోలెడంత జుట్టు ఉంది.

చదవడం చివరికొచ్చేసరికి వాన జోరందుకుంది. రోడ్డు మీద తడిసినవాళ్లంతా హాల్లోకి దూరారు. వాళ్లలో ఒక రిటైర్డ్ మేష్టారు ఫొటో చూశాడు, పూలు చూశాడు, నల్లబట్టలు చూశాడు. ముందు వరసలో జలుబుతో ముక్కు తుడుచుకుంటున్న రచయిత భార్యని చూశాడు. ఆయనకి విషయం అర్థమైపోయింది. సరిగ్గా అప్పుడే దర్శకురాలు రంగ సూచన చదివింది: "తండ్రి ప్రాణం పోతుంది. నిశ్శబ్దం."

మేష్టారు చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. ఆయన్ని చూసి పక్కవాళ్లు, వాళ్లని చూసి హాలంతా లేచింది. ఇంత గౌరవం ఎన్నడూ ఎరగని నటులు కూడా కళ్లనీళ్లతో లేచారు. రచయితతో ఫోన్లో తప్ప పరిచయం లేని యజమాని అప్పుడే గొడుగు దులుపుకుంటూ వచ్చి, గతుక్కుమని తల వంచాడు.

"ఇక మీ అభిప్రాయాలు చెప్పండి," అంది దర్శకురాలు.

"మహానుభావుడు!" అన్నాడు మేష్టారు, ఆ మొహం ఏనాడూ చూడకపోయినా. "ఎవరి జోలికీ వెళ్లి ఎరగడు."

యజమాని వెళ్లి రచయిత భార్య పక్కన కూర్చున్నాడు. "ధైర్యంగా ఉండమ్మా."

"ఇలా అవుతుందని నాకు ముందే తెలుసండీ," అందామె, నాటకం గురించే అనుకుని. "ఎంత చెప్పినా విన్నారు కాదు."

దర్శకురాలికి అప్పటికి సంగతి బోధపడింది. కానీ యజమాని కళ్లు చెమర్చడం చూసింది. వెంటనే కదలొద్దని రచయితకి కళ్లతోనే హెచ్చరిక చేసింది. వెనక చీకట్లో రచయితకి తన మీద తనకే జాలేసింది. ఇన్నేళ్లలో తన గురించి ఒక్కడూ ఇంత మంచిమాట అనలేదు.

యజమాని లేచాడు. "ఆయన ఆఖరి నాటకం నేను ఆడిస్తాను. రాసింది రాసినట్టే, ఒక్క అక్షరం మార్చకుండా!"

"చాలా సంతోషమండీ!" రచయిత ఆగలేక కేకేశాడు. "ఆ రచయితని నేనే!"

యజమాని ఫొటోకేసీ బట్టతలకేసీ మార్చిమార్చి చూశాడు.

"మీరు పోలేదా?"

"లేదండీ," అన్నాడు రచయిత, తప్పు చేసినవాడిలా.

"మరైతే ఆ రెండో అంకం తీసి పారెయ్యండి. మీరు పంపిన ప్రతి చదువుతూ అక్కడే నిద్రపోయాను. పోయినవాళ్లనేం అంటాంలే అని ఊరుకున్నా. అది పీకేసి తెండి, అప్పుడు చూద్దాం."

మేష్టారు "మోసం" అని గొణుక్కుంటూ వానలోకే వెళ్లిపోయాడు.

ఇంటికెళ్లే బస్సులో రచయిత ఉక్రోషం కొద్దీ రెండో అంకం కాగితాలు లాగేసి, మిగతాది మొదట్నించీ చదివాడు. నాటకం నిజంగానే బాగుంది. ఆ రోజు మొత్తమ్మీద ఆయనకి ఏడుపొచ్చింది అప్పుడే.