ఆదినారాయణ రెండు ఓట్లు

ఆదివారం మీటింగుకని ఆదినారాయణ సోమవారం పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేయించుకొచ్చాడు. బిలాస్‌పూర్‌లోని తార్‌బహార్ తెలుగు సంఘం దసరాకు ఏ ప్రోగ్రాం పెట్టాలో ఆ రోజే తేలుస్తుంది. ఆయన మనసంతా గుండెకు తప్పెట కట్టుకుని ఆడే తప్పెటగుళ్ళ మీదే. చిన్నప్పుడు బొబ్బిలి దగ్గర మేనమామ ఊళ్ళో చూశాడు. గూడ్సు గార్డుగా ఇక్కడికి వచ్చాక ఆ మోత మళ్ళీ చెవిన పడలేదు. దానికోసం ప్రాణం కొట్టుకుపోతోంది.

సంఘంలో వీధికొక పెద్ద. వీధిలో ఎన్ని తెలుగు ఇళ్ళుంటే ఆ పెద్దకు అన్ని ఓట్లు. బంగార్రాజుకు, ఎర్రయ్యకు, కనకమహాలక్ష్మికి నాలుగేసి. ఆదినారాయణకు రెండు.

"నా రెండూ ఎటు పడితే అటే మొగ్గు," అన్నాడు ఇంట్లో, మీసం దువ్వుతూ.

కాలేజీలో లెక్కలు చదువుతున్న కూతురు తనూజ నవ్వింది. "అరే నాన్నా! పద్నాలుగులో ఎనిమిది కావాల. నాలుగోట్లోళ్ళు ఏ ఇద్దరు కలిసినా ఎనిమిది. ఒక్కరికి నీ రెండూ కలిపినా ఆరే. నువ్వు చెయ్యెత్తినా దించినా ఏటీ మారదు."

"ఇన్నేళ్ళూ గెలిచిన పక్కనే ఉన్నాను కదే!"

"ఉన్నావు. గెలిపించలేదు."

ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు. మర్నాడే ఊరి చివర మోప్కాలో అద్దెకుంటున్న బావమరిది అప్పలకొండను బతిమాలి, తన వీధిలో ఖాళీ అయిన ఇంట్లోకి దింపాడు. అప్పలకొండతోపాటు కోళ్ళగంప కూడా వచ్చింది. ఓటు మాత్రం ఒక్కటే పెరిగింది.

"నాలుగూ మూడూ ఏడు. మొత్తం పదిహేనైనా కావాల్సింది ఎనిమిదే," అంది తనూజ. "పెద్దోళ్ళలో ఒకరు రాకపోతేనే నీ చేతికి విలువ. అప్పుడు వొచ్చినోళ్ళ ఓట్లలో సగం దాటితే చాలు."

ఇంతలో ఆదివారం డ్యూటీ ఆదినారాయణకే పడింది. నెత్తిన చెయ్యి పెట్టుకున్నవాడికి చటుక్కున ఉపాయం తట్టింది. ఆర్కెస్ట్రా కావాలంటున్న ఎర్రయ్యా గార్డే మరి.

"అన్నా, ఆదివారం నా బండి నువ్వెక్కీ. నువ్వు ఏ రోజంటే ఆ రోజు నీ డ్యూటీ నేను చేస్తాను."

"మాట తప్పవు కదా?"

"అమ్మతోడు!"

మీటింగులో బంగార్రాజు తప్పెటగుళ్ళన్నాడు. కనకమహాలక్ష్మి ఆర్కెస్ట్రా అంది. అందరూ ఆదినారాయణ వైపు తిరిగారు. జీవితంలో మొదటిసారి ఆయన చేతి కోసం జనం ఎదురుచూశారు. ఆనందం పట్టలేక తప్పెటగుళ్ళకు రెండు చేతులూ ఎత్తేశాడు.

"ఒకటి చాల్లే బావా," అన్నాడు బంగార్రాజు.

మర్నాడు ఎర్రయ్య ఇంటికొచ్చాడు. ఏమాత్రం కోపంగా లేడు. "మంచి పని చేసినావు. మా ఆవిడకి తప్పెటగుళ్ళంటే ప్రాణమట, ఇన్నాళ్ళూ నాకు తెలీనే తెలీదు. దసరా రోజు ఇద్దరం కూకుని చూస్తాం. ఆ రోజు నా డ్యూటీకి నువ్వెళ్ళాల."

దసరా సాయంత్రం గూడ్సు తార్‌బహార్ దాటుతుంటే తప్పెట మోత లీలగా వినిపించింది. ఆదినారాయణ బండి చివరి బ్రేకువ్యానులోంచి మెడ చాచి, కళ్ళనీళ్ళతో ఆ దీపాల వైపే చూస్తూ నిలబడ్డాడు. బండి కట్నీ దారి పట్టింది.

ముందు వరసలో ఆయన కోసం వేసిన కుర్చీలో అప్పలకొండ కూర్చున్నాడు.